మైనస్ గుర్తు

రాయదుర్గం గుట్ట దగ్గర ఎర్రజెండా పట్టుకొని నిలబడ్డ మనిషి ఎల్లేశానికి కనిపించలేదు. వెనక సీట్లోంచి ప్రశాంతి "ఆపండి, ఆపండి" అని కేక వేశాక గానీ అతని కాలు బ్రేకు మీదికి పోలేదు. టాటా సుమో కంకర మీద జారుకుంటూ పోయి జెండా మనిషికి బారెడు దూరంలో ఆగింది. ఆ మరుక్షణమే గుట్ట అవతల బండ పేలింది. రాళ్ళ ముక్కలు కొన్ని రోడ్డు మీదికి వచ్చి పడ్డాయి.

జెండా మనిషి దగ్గరికొచ్చి బానెట్ మీద అరచేత్తో చరిచాడు. "ఏందిర, కండ్లు నెత్తికెక్కినయా?" అన్నాడు.

రోడ్డు మీద రోజూ వినపడే తిట్టే అది. కానీ ఎల్లేశానికి ఆ రోజు ముల్లులా గుచ్చుకుంది.

"బ్రేకు పట్టలే మేడం," అన్నాడు వెనక్కి తిరగకుండా.

అద్దంలో ప్రశాంతి ముఖం చూశాడు. ఆమె చూపు బ్రేకు వైపు లేదు, నేరుగా అతని కళ్ళ వైపే ఉంది.

అది తొంభైతొమ్మిది ఎండాకాలం. మాదాపూర్‌లో అద్దాల మేడలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. వాటికోసం గుట్టలు పగులుతున్నాయి. పుప్పాలగూడ వాడైన ఎల్లేశం చాలా ఏళ్ళు కంకర లారీ నడిపి, దుమ్ము పడక మానేసి, ఒక ట్రావెల్స్ సేటు దగ్గర చేరాడు. సేటు అతన్నీ సుమోనూ కలిపి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పెట్టాడు. పొద్దున అమీర్‌పేట హాస్టళ్ళ నుంచి ప్రశాంతి లాంటి ఉద్యోగాల పిల్లల్ని ఎక్కించుకొని రావడం, సాయంత్రం దింపడం. ఏసీ బండి, ఇస్త్రీ చొక్కా, నెల తిరిగేసరికి జీతం. ఇలాంటి నౌకరీ పుప్పాలగూడలో ఇంకెవరికీ లేదు.

నల్లగండ్లలో ఉండే లింగయ్య అనే డ్రైవరుకీ ఒకప్పుడు ఇదే నౌకరీ ఉండేది. అతను కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పెట్టుకున్న నెలకే అతన్ని తీసేశారు. ఎందుకు తీసేశారో ఎవరూ చెప్పలేదు. డ్రైవర్లు తమకు తోచిన కారణం చెప్పుకున్నారు. ఆ కారణమే ఎల్లేశం మనసులో పాతుకుపోయింది.

అందుకే పుప్పాలగూడ బడిలో కళ్ళ శిబిరం పెట్టినప్పుడు, ఊరికి కొత్తయిన కాంపౌండరు దగ్గర పరీక్ష చేయించుకున్నాడు గానీ, చీటీ రాగానే నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బా అడుగున దాచాడు. రెండు కళ్ళకూ మైనస్. "దూరం చూపు పోయిందయ్యా, అద్దాల్లేకుండ బండి నడపకు," అని చెప్పాడు కాంపౌండరు. ఎల్లేశం భార్య కొమురమ్మకు ప్లస్ వచ్చింది, ఆ చీటీ కూడా అదే డబ్బాలో పడింది. ఆమె ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడుతుంది. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి వాళ్ళను పిలుస్తోంది కొన్నాళ్ళుగా. "దగ్గరిది కనవడకుంటె ప్లస్సు, దూరంది కనవడకుంటె మైనస్సు," అని కాంపౌండరు చెప్పిన మాట ఎల్లేశం మరిచిపోలేదు.

బండ పేలిన మర్నాడు, ప్రశాంతి కంపెనీ మేడ మెట్ల దగ్గర నిలబడి యజ్ఞనారాయణతో ఏదో చెబుతోంది. కంపెనీ బండ్ల బాధ్యత ఆయనది. పంచె కట్టినంత పొందికగా ప్యాంటు వేసుకునే మనిషి, ఎవరినీ గట్టిగా అనడు, ఎవరినీ నమ్మడు కూడా. ఇద్దరూ మాట్లాడుతూ మాట్లాడుతూ సుమో వైపు తిరిగి చూశారు.

మధ్యాహ్నానికల్లా యజ్ఞనారాయణ వచ్చి, "బండి షెడ్డుకి తీసుకెళ్ళండి ఎల్లేశం, బ్రేకులు చూపించాలి," అన్నాడు. షెడ్డువాడు చూసి బ్రేకులు కొత్తవాటిలా ఉన్నాయని కాగితం మీద రాసి పంపాడు. యజ్ఞనారాయణ ఆ కాగితం చదివి, ఎల్లేశాన్ని ఒకసారి చూసి, జేబులో పెట్టుకున్నాడు. మాట మాత్రం అనలేదు. తిట్టి ఉంటే ఎల్లేశం ఆ రాత్రి నిద్రపోయేవాడు.

ఆ వారంలోనే ప్రశాంతి ముందు సీట్లోకి వచ్చి కూర్చుంది. భీమవరం దగ్గరి అమ్మాయి, మాట మెత్తన.

"ఎల్లేశంగారూ, మేం ఇప్పుడు చేస్తున్న పని తెలుసాండీ మీకు? అమెరికాలో ఒక కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. దానికి ఇంటర్నెట్‌లో దుకాణం కడుతున్నాం. మనిషి కొట్టుకి వెళ్ళక్కర్లేదు. కంప్యూటర్లో నంబరు కొడితే కళ్ళజోడు ఇంటికొస్తుంది."

"కంట్ల చూడకుంటనే అద్దాలిస్తరా మేడం?"

"డాక్టరు చూసిన చీటీ ఉంటే చాలండి. తెరిచే ముందు నిజం ఆర్డర్లు కొన్ని పెట్టి చూడాలి. నాదొకటి పెట్టాను, మాతో పనిచేసే సురేష్‌ది ఒకటి. మూడోది మీది పెడదామనుకుంటున్నాను. డబ్బు ఆ కొట్టువాళ్ళే పెట్టుకుంటారు. మీరు ఎప్పుడైనా కళ్ళు చూపించుకున్నారా?"

ఎల్లేశం ఆమె వైపు చూడకుండా గేరు మార్చాడు. ఇంతమంది ఉండగా తననే ఎందుకు అడుగుతోంది? లేదంటే దాస్తున్నాడని తేలుతుంది. ఉందంటే నంబరు ఆమె చేతికి పోతుంది.

"చూస్త మేడం. చీటి ఏడనో ఉన్నట్టుంది," అన్నాడు.

టీ బండి దగ్గర ఈ సంగతి లింగమూర్తికి చెప్పాడు. లింగమూర్తి ఇంకో సుమో నడుపుతాడు. ఎవరి సంగతైనా అతనికి ముందే తెలిసినట్టు తల ఊపుతాడు.

"ఫ్రీగ ఎవడిస్తడే?" అన్నాడు సాసర్లో టీ పోసుకుంటూ. "లింగయ్య ముచ్చట యాదికి లేదా? ఆయిన అద్దాలు వెట్టుకుంటెనే కదా కనవడ్డది. నీది గట్ల గాదు, నువ్వు వెట్టుకోకముందే కంప్యూటర్ల ఎక్కుతది. కాయిదమైతె చింపుతవు. కంప్యూటర్ల ఎక్కినంక తుడుస్తె పోతదా?"

"ఆ పిల్ల మంచిదే అన్నా."

"మంచిదే. బ్రేకుల ముచ్చట సారుకు చెప్పింది ఎవరు మరి?"

ఎల్లేశం టీ పూర్తిగా తాగకుండానే లేచాడు.

ఇంటికెళ్ళి బియ్యం డబ్బా తీశాడు. చీటీలు రెండూ చేతిలో పట్టుకొని దీపం కింద కూర్చున్నాడు. కొమురమ్మ చీటీ మీద పేరు పై వరసలో ఉంది. ఆ వరస వరకూ మడిచి, గోటితో గీసి, నెమ్మదిగా చించేశాడు. మిగిలింది రెండు ప్లస్ అంకెలు, కింద సంతకం. దగ్గర చూపు పోయిన డ్రైవర్ని ఎవరూ ఏమీ అనలేరు. రోడ్డు దూరంగా ఉంటుంది, పేపరు దగ్గర ఉంటుంది. తను పేపరు చదవడానికి కాదు జీతం తీసుకునేది. ఈ తర్కం అతనికి ఎంత నచ్చిందంటే, ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

చీటీ అందుకున్న ప్రశాంతి, "పైన చిరిగిందేంటండీ?" అంది.

"ఎలుక కొట్టింది మేడం."

మరి కాసేపటికి ఆమె కిందికి ఒక స్కేలు పట్టుకొని వచ్చింది. సుమో తలుపు దగ్గర అతన్ని నిలబెట్టి, స్కేలు ముక్కు మీద ఆనించి, ఒక కన్ను మూసి ఇంకో కంటితో కొలిచింది. రెండు కంటిపాపల మధ్య దూరం కావాలట. పక్కనున్న డ్రైవర్లు నవ్వారు. ఎల్లేశానికి మాత్రం, ఎప్పుడో లారీ కేసులో ఠాణాలో గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచిన రోజు గుర్తొచ్చింది. ఫ్రేముల బొమ్మలున్న కాగితం చూపిస్తే, దేన్నీ సరిగ్గా చూడకుండానే నల్లటి లావుపాటి దాని మీద వేలు పెట్టాడు. చీటీ వెనక్కి ఇచ్చేసిందామె. దాన్ని గచ్చిబౌలి దారిలో కిటికీలోంచి వదిలేశాడు.

వానలు మొదలయ్యాక, ఆ పని మీదే వెళ్ళిన సురేష్ అమెరికా నుంచి వచ్చాడు. వస్తూ మూడు కళ్ళజోళ్ళ పెట్టెలు తెచ్చాడు. సాయంత్రం ప్రశాంతి ఎల్లేశానికి అతని పెట్టె ఇచ్చింది. చుట్టూ నలుగురైదుగురు చేరారు. ప్రాజెక్టు మేనేజరు భాస్కర్ కూడా మెట్లు దిగి వచ్చాడు. వద్దనడానికి వీలు లేకుండా పోయింది. ఎల్లేశం పెట్టుకున్నాడు.

ఎదురుగా ఉన్న మేడ కరిగిపోయింది. గేటు, గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి, రోడ్డు, అన్నీ నీళ్ళలో సున్నం కలిపినట్టు అయిపోయాయి. ఎప్పుడూ కనిపించేదాంట్లో సగం కూడా కనిపించలేదు. తల తిరిగి సుమో మీద చెయ్యి ఆనించాడు.

"ఎలా ఉందండీ?" అంది ప్రశాంతి.

బాగుందనే చెబుదామనుకున్నాడు. కానీ బాగుందంటే అవి పెట్టుకొని ఈ బండి నడపమంటారు.

"మసకమసక ఉంది మేడం. దూరంది ఏం కనవడ్తలేదు."

ప్రశాంతి అతని ముఖం నుంచి కళ్ళజోడు తీసి, తన చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. "మీ చీటీ ఒకసారి ఇస్తారా?"

"పోయింది మేడం."

భాస్కర్ మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత జరిగినదంతా ఎల్లేశానికి ముక్కలు ముక్కలుగా తెలిసింది. ప్రశాంతి ఆ అద్దాల్ని అమీర్‌పేటలో ఒక కొట్లో చూపించింది. అవి ప్లస్ అద్దాలని కొట్టువాడు చెప్పాడు. కంప్యూటర్లో చూస్తే అక్కడా ప్లస్సే ఉంది. డ్రైవరుకేమో దూరం కనిపించదు. ఆ సంగతి గుట్ట దగ్గరే ఆమె కళ్ళారా చూసింది. అంటే చీటీలో మైనస్ ఉండి ఉండాలి. తను మైనస్సే కొట్టి ఉండాలి. తాము కడుతున్న ఆ ఇంటర్నెట్ దుకాణంలోనే ఎక్కడో ఆ మైనస్ పోయింది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఒక సాయంత్రం సన్నగా వాన పడుతోంది. వెనక సీట్లో ప్రశాంతి, భాస్కర్ ఉన్నారు. ఎల్లేశం వైపర్ వేసి, ముందు పోతున్న బస్సు ఎర్రదీపాల్ని పట్టుకొని నెమ్మదిగా పోతున్నాడు.

"రెండు ఆర్డర్లు సరిగ్గా వచ్చాయి, మూడోది తప్పింది," అంటున్నాడు భాస్కర్. "ప్రతిసారీ తప్పితే పట్టుకోవచ్చు. ఎప్పుడో ఒకసారి పోతోందంటే ఏం చేస్తాం? దుకాణం తెరిచాక అమెరికాలో ఎవడో ఇలాంటి అద్దాలు పెట్టుకొని కారు నడిపితే?"

"ఆ భాగం మొత్తం మళ్ళీ మళ్ళీ చూశానండి. నాకేం దొరకలేదు."

"దొరకలేదంటే లేదని కాదు ప్రశాంతీ. రేపట్నుంచి అది సురేష్ చూస్తాడు. నువ్వు పక్కనుండు."

ప్రశాంతి ముందుకు వంగింది. "ఎల్లేశంగారూ, కొంచెం గుర్తు తెచ్చుకోండి. మీ చీటీలో అంకె ముందు అడ్డగీత ఉందా, కూడిక గుర్తుందా?"

తనకు వినిపించాలనే ఇదంతా మాట్లాడుతున్నారేమో. నోట్లోంచి నిజం రాబట్టడానికి ఇద్దరూ కూడబలుక్కొని ఎక్కారేమో. ఈ భాస్కర్ సారు ఇంతకుముందు ఎప్పుడైనా ఈ బండి ఎక్కాడా?

"యాదికి లేదు మేడం," అన్నాడు.

భాస్కర్ పంజాగుట్టలో దిగిపోయాడు. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దంలోకి చూశాడు. ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకొని, చున్నీ కొసతో కళ్ళు తుడుచుకుంటోంది. ఎవరూ చూడటం లేదనే అనుకున్నట్టుంది.

"నేనేం కొట్టానో నాకే గుర్తు రావట్లేదండి," అంది అతనితోనో తనతోనో. "మొదట్లో ప్లస్సే చూశాననిపించింది. ఇప్పుడు మైనస్ చూశాననిపిస్తోంది. రోజూ చేసే పనే. ఇంకా ఏమేం తప్పు చేశానో అని భయమేస్తోంది."

ఇది నాటకమైతే ఇంతకంటే గట్టిగా ఏడ్చేది. ఎల్లేశం అనుమానానికి ఆ రోజు మొదటిసారి పట్టు దొరకలేదు.

ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లో మిషను చప్పుడు వినిపించింది. కొమురమ్మ నల్ల కళ్ళజోడు పెట్టుకొని జాకెట్టు కుడుతోంది. ప్రశాంతి తిరిగి ఇచ్చేసిన పెట్టెను ముందురోజు సాయంత్రం అతను సంచిలో పెట్టి తెచ్చి, అటక మీద పడేశాడు.

"ఏందయ్యా ఇది?" అంది ఆమె తల ఎత్తకుండా. "అటక దులుపుతుంటె దొరికింది. ఊకెనే వెట్టుకున్న. సూదిబెజ్జం పెసరగింజంత కనవడ్తుంది. నీ అద్దాలు నాకెట్ల సరిపోయినయి?"

అతను చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. కూర్చున్నాడు. చెప్పకపోయినా ఆమె అడగడం మానదని తెలుసు. చీటీ సంగతి, ఎలుక సంగతి, లింగమూర్తి మాటలు అన్నీ చెప్పాడు. కొమురమ్మ పాదం మిషను మీద ఆగిపోయింది.

"నా కండ్ల చీటి ఇచ్చినవా నువ్వు?"

"నాది ఇస్తె నౌకరి పోతదనుకున్న."

"ఆ పిల్ల నీకేం జేసింది?"

"ఏం జేయలే. గదే కదా. ఏం జేయనోళ్ళు ఊకె ఎందుకిస్తరు?"

కొమురమ్మ కళ్ళజోడు తీసి మడిచింది. "నువ్వు గా బండి కండ్లు లేకుంట నడుపుతున్నవని నాకియ్యాలనే ఎరుకైంది," అంది నెమ్మదిగా. "గన్ని రోజులు వెనుక ఎంతమంది పిల్లలు కూసున్నరు? వాళ్ళు నిన్ను అనుమానిచ్చిన్రా?"

అన్నం పెట్టింది, తను గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ఎల్లేశం అందరినీ దింపాక బండి తాళంచెవి చేతిలో పట్టుకొని లిఫ్టు ఎక్కాడు. ఇన్నాళ్ళుగా ఈ మేడకు మనుషుల్ని చేరవేస్తున్నా, పైకి రావడం అదే మొదలు. చెప్పులు విడవాలో వద్దో తెలియక తలుపు దగ్గర ఆగాడు. లోపల చల్లగా ఉంది. సురేష్ ప్రశాంతి కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఆమె పక్కన స్టూలు మీద ఉంది. భాస్కర్ వాళ్ళ వెనక నిలబడి తెర వైపు చూస్తున్నాడు.

"సార్," అన్నాడు ఎల్లేశం. "గా తప్పు వెతకకున్రి. మైనస్ యేడ పోలే. నేనిచ్చిందే ప్లస్సు. నా చీటి కాదది, మా ఇంటామెది."

ఎవరికీ ముందు అర్థం కాలేదు. మళ్ళీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి బ్రేకుల సంగతి కూడా చెప్పాడు. చెబుతుంటే భాస్కర్ ముఖం ఎర్రబడింది. సురేష్ కుర్చీలోంచి లేచాడు.

"ఇన్ని రోజులు, ఇంతమందిమి," అని మొదలుపెట్టి భాస్కర్ ఆగిపోయాడు. తర్వాత ఫోను తీసి యజ్ఞనారాయణను పైకి రమ్మన్నాడు.

ప్రశాంతి స్టూలు మీదినుంచి ఎల్లేశం వైపు తిరిగింది.

"మీరు నన్ను అనుమానించారు, సరేనండీ," అంది. "నన్ను నేనే అనుమానించుకునేలా చేశారు. అది చాలా కష్టంగా ఉంది."

ఎల్లేశం తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

యజ్ఞనారాయణ ఆ తాళంచెవి తీసుకొని, అతనితో పాటే లిఫ్టులో దిగాడు. కింద వరండాలో ఆగి, "ఆ రోజు షెడ్డు కాగితం చదివినప్పుడే నాకు ఏదో ఉందనిపించింది," అన్నాడు. "అడుగుదామనుకుంటూనే వదిలేశాను. నాదీ తప్పే. ముందు వెళ్ళి కళ్ళు చూపించుకోండి. డాక్టరు రాసిచ్చేదాకా బండి ముట్టుకోవద్దు."

"నౌకరి పోయినట్టేనా సార్? లింగయ్యను తీసినట్టు?"

"లింగయ్యనా?" యజ్ఞనారాయణ ముఖం చిట్లించాడు. "అతను పొద్దున్నే తాగి వచ్చేవాడు. నలుగురిలో చెప్పి పరువు తీయడమెందుకని ఊరుకున్నాం. కళ్ళజోడుకీ దానికీ ఏం సంబంధమయ్యా?"

ఎల్లేశం కొమురమ్మతో కలిసి సర్కారు కళ్ళ దవాఖానకు పోయాడు. బియ్యం డబ్బాలోని చీటీలో ఉన్నదానికంటే నంబరు పెరిగింది. కోఠిలో అద్దాలు చేయించుకున్నాడు. సేటు మొదట వేరే డ్రైవర్ని పెడతానన్నాడు, యజ్ఞనారాయణ మాట మీద ఊరుకున్నాడు. కానీ అమీర్‌పేట దారి మళ్ళీ ఇవ్వలేదు. పగలు సామాను, కంప్యూటర్ డబ్బాలు చేరవేసే బండి ఇచ్చారు. అందులో వెనక సీట్లుండవు. అదే న్యాయమని ఎల్లేశానికి అనిపించింది, ఆ మాట ఎవరితోనూ అనలేదు.

కొమురమ్మకు మాత్రం నల్ల కళ్ళజోడు ఇంట్లో ఉండటం ముళ్ళ మీద కూర్చున్నట్టు ఉంది. "అది ఆ పిల్ల కంపిని సొమ్ము. అబద్ధం చెప్పి తెచ్చుకున్నది నా ముక్కు మీద ఎట్ల వెట్టుకుంట?" అంటూ ఒక రోజు కొత్త చీర కట్టుకొని, సామాను బండిలోనే అతని పక్కన కూర్చొని మాదాపూర్ వచ్చింది. గేటు దగ్గర నిలబడి కబురు పంపింది.

ప్రశాంతి దిగి వచ్చింది. కొమురమ్మ పెట్టె ఆమె చేతిలో పెట్టబోయింది. "ఇవి మీయి అమ్మా. మాయి గావు."

ప్రశాంతి పెట్టె తీసుకోలేదు. "మీకు సరిపోయాయా అండీ?"

"మంచిగ సరిపోయినయి. దారం నేనే ఎక్కిస్తున్న."

"ఏదీ, ఒకసారి పెట్టుకోండి."

కొమురమ్మ మొహమాటపడుతూ పెట్టుకుంది. మగవాడి కొలతకు చేసిన ఫ్రేము ఆమె ముక్కు మీద నిలవక కిందికి జారింది. వేలితో పైకి నెట్టింది. మళ్ళీ జారింది.

"గిదొక్కటే," అంది కొమురమ్మ. "జారుతున్నయమ్మా. వంగి కుట్టేటప్పుడు బట్టల పడ్తయి. జర ఆ అమెరికావోళ్ళకు చెప్పు."

ప్రశాంతి పెదవుల చివర నవ్వు కదిలింది. "చెబుతానండి. దుకాణం రేపే తెరుస్తున్నాం. మొట్టమొదటి ఫిర్యాదు మీదే." ముందుకు వచ్చి, కళ్ళజోడు కొసల్ని తన వేళ్ళతో లోపలికి కొంచెం వంచి, కొమురమ్మ చెవుల వెనక సర్ది చూసింది. "ఇప్పుడు వంగండి చూద్దాం."

కొమురమ్మ వంగింది. ఈసారి పడలేదు.

ఎల్లేశం బండి దగ్గరే నిలబడ్డాడు. దగ్గరికి రమ్మని వాళ్ళిద్దరిలో ఎవరూ పిలవలేదు. తన కొత్త అద్దాల్లోంచి అంత దూరాన ఉన్న ప్రశాంతి ముఖం స్పష్టంగా కనిపిస్తోంది. ఆమె ఒకసారి ఇటు చూసింది. చూసి, చాలా చిన్నగా తల ఊపింది. అది క్షమించడమో, ఉట్టి మర్యాదో అతనికి తెలియలేదు. చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు.